విసిరిన చెయ్యి

లక్ష్మీనరసింహారావుగారి మామిడి షెడ్డులో పుష్పావతి పెట్టె సర్దుతుంటే పక్కవాళ్ళు తమ పని ఆపి చూసేవారు. అడుగున వరిగడ్డి, దాని మీద ఒక వరస రసాలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ వరస. కాయను చూసేది కాదు. అరచేతిలో ఒక్కసారి తిప్పి చెప్పేసేది: ఇది రేపటికి మెత్తబడుతుంది, పక్కన పెట్టండి; ఇది కలకత్తా దాకా నిలుస్తుంది. అప్పటికామెకు ఇరవై రెండేళ్ళు. నూజివీడులో అంత చురుకైన చెయ్యి మరొకటి లేదని షావుకారుగారే నలుగురిలో అనేవారు.

ఆ చురుకు మామిడికాయలు నేర్పింది కాదు. ఆమె తండ్రి పెళ్ళి బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. ఆయన పోయాక తల్లి అమృతమ్మ ఆ డ్రమ్మును ఎవరికైనా ఇచ్చేద్దామంటే, పుష్పావతి దాన్ని తన మంచం పక్కకి లాక్కుని కూర్చుంది. ఆడపిల్ల డ్రమ్ము వాయించడమేమిటని చర్చి పెద్దలు ముఖం చిట్లించారు. ఆమె చర్చిలో వాయించడం మానేసింది గానీ వాయించడం మానలేదు.

అన్న రత్నబాబు హనుమాన్ జంక్షన్‌లో లారీల వర్క్‌షాపులో పని. కొలిమిలో కాల్చిన కమాను పట్టీలను సమ్మెటతో సాగగొట్టేవాడు. ఏళ్ళ తరబడి ఆ పొగ పీల్చి అతని గొంతు గరగరలాడేది. చిన్నప్పుడు క్రిస్మస్ పాటలు పాడిన గొంతు పాడైపోయిందని అమృతమ్మ బాధపడుతుండేది. ఆ గొంతే కావాలన్నవాడు ఇన్నయ్య ఒక్కడే.

ఇన్నయ్యది ఆగిరిపల్లి పక్క పల్లె. కతోలికుల కుర్రాడు. షావుకారుగారి అబ్బాయి వీరభద్రరావు నడిపే మైక్‌సెట్టు దుకాణంలో మెకానిక్కు. సాయంత్రాలు బాగుచేసిన రేడియోలను పరీక్షించే మిషతో షార్ట్‌వేవ్ స్టేషన్లు తిప్పేవాడు. అలా ఒకనాడు గరగర శబ్దాల మధ్య ఎక్కడో పరదేశంలో ఎవరో కరెంటు గిటారు వాయించడం విన్నాడు. మర్నాడు రత్నబాబును పట్టుకుని, "అది పాడటం లేదు, ఏడవటం లేదు, కరుస్తోంది బాబూ!" అన్నాడు. వారం రోజులు అదే మాట.

తనకీ అలాంటిది కావాలని వీణలు చేసే బసవపున్నారావుగారి దగ్గరకు వెళ్ళాడు. నూజివీడులో పనసచెక్క వీణలకు ఆయనది పెట్టింది పేరు. "వీణలు చేసిన చేత్తో ఈ పాపం కూడా చేయిస్తావా?" అంటూనే ఆయన మిగిలిన పనసచెక్కను చెక్కిచ్చాడు. తీగలు వీణ తీగలే. పాడైన హెడ్‌ఫోను లోంచి అయస్కాంతం, రాగితీగ చుట్ట తీసి ఇన్నయ్య తీగల కింద బిగించాడు. పారేయబోతున్న పాత ఆంప్లిఫయరు తెచ్చుకుని లారీ బ్యాటరీకి తగిలించాడు. స్పీకరు కాగితం చిరిగి ఉంది. ఆ చిరుగే మేలైంది. మీటితే ఇనప రేకును రంపంతో కోసినట్టు వచ్చింది.

ఆదివారం అన్నాచెల్లెళ్ళకు చర్చి, ఇన్నయ్యకు కతోలిక పూజ అయ్యాక, వర్క్‌షాపుకి సెలవు కాబట్టి, మధ్యాహ్నం ముగ్గురూ ఆ ఆవరణలో చేరేవారు. తండ్రి డ్రమ్ముకు తోడు పుష్పావతి రెండు కిరసనాయిలు డబ్బాలు, ఒక సైడ్ డ్రమ్ము, తాడుతో వేలాడదీసిన లారీ కమాను పట్టీ పెట్టుకుంది. పట్టీ మీద కొడితే ఖంగుమని మోగి చాలాసేపు వణికేది. రత్నబాబు ఆ మోత మీద అరిచేవాడు. లోడు దించి వచ్చిన డ్రైవర్లు టైర్ల కుప్పల మీద కూర్చుని వినేవారు. మొదట నవ్వారు. రెండోవారం నవ్వలేదు. మూడోవారానికి తలలు ఊపడం మొదలుపెట్టారు, పూనకం వచ్చినవాళ్ళలా. ఒక డ్రైవరు కలకత్తా నుంచి తిరిగొస్తూ బ్యాండువాళ్ళు మోగించే పెద్ద ఇత్తడి తాళం తెచ్చి పుష్పావతి ముందు పెట్టాడు. "రెండు రోజులు స్టీరింగు పట్టుకుని వచ్చాక ఇంకే పాటా చెవికెక్కదమ్మా. ఇదొక్కటే ఎక్కుతుంది" అన్నాడు. వాళ్ళే దానికి ఇనప పాట అని పేరు పెట్టారు.

వీరభద్రరావు కూడా పాడేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఒక్కడే కొడుకు. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా తన మైక్‌సెట్టే కడతాడు, ఆ మైకు ముందు తనే నిలబడతాడు. పెదవులు మైకుకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి గాల్లో తేలుస్తూ పాడేవాడు. గొంతు చెడ్డది కాదు. పుష్పావతి కూడా పదిహేనేళ్ళప్పుడు ఒక పెళ్ళిపందిరి బయట నిలబడి అతని పాట చివరిదాకా విన్నది. అయితే ఊరు అతన్ని మెచ్చుకునేది గొంతు కోసమా, తండ్రి కోసమా అన్నది ఎప్పుడూ తేలలేదు. తోటలున్నవాళ్ళందరికీ ఆ తండ్రితో పనే మరి.

అరవై ఏడు మే నెలాఖరులో, సీజను ముగింపుకని షావుకారుగారు షెడ్డు ముందు పందిరి వేయించి రైతులకీ, కూలీలకీ, డ్రైవర్లకీ విందు పెట్టారు. పందిరి గుంజలకు మామిడి గుత్తులు కట్టారు. వేదిక పక్కన బుట్టలో కలెక్టరు కాయలు పేర్చారు, పచ్చివి, ముక్కులు వాడిగా ఉన్నవి. ఎండ ఇంకా పూర్తిగా తగ్గకముందే వీరభద్రరావు మైకు అందుకున్నాడు. గంటసేపు పాడాడు. రైతులు విస్తళ్ళ మీద ఈగలు తోలుకుంటూ, పాట ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు.

చివర్లో అతను నవ్వుతూ, "ఇప్పుడు కాసేపు నవ్వుకుందాం. మన షెడ్డు పిల్ల డబ్బాలు వాయిస్తుందట, మా మెకానిక్కు చెక్కముక్క గీకుతాడట" అన్నాడు.

ముగ్గురూ ఎక్కారు. నవ్వించడానికే పిలిచారని పుష్పావతికి తెలుసు. అయినా అంతమంది ముందు వాయించే అవకాశం మళ్ళీ రాదనుకుంది. మొదటి దెబ్బకే, ముందు వరసలో ఒక ముసలి రైతు చేతిలో గ్లాసు ఒలికింది. రెండో నిమిషానికి డ్రైవర్లు లేచారు. ఐదో నిమిషానికి కోత కూలీలు, గడ్డి పరిచే ఆడవాళ్ళు, విస్తళ్ళు ఎత్తేవాళ్ళు కూడా లేచారు. అంతసేపు ఈగలు తోలుకున్న జనం అరుస్తోంది, ఎగురుతోంది, మళ్ళీ మళ్ళీ అంటోంది.

పుష్పావతి కుడివైపు తిరిగి ఇత్తడి తాళం మీద కొట్టబోతూ వీరభద్రరావును చూసింది. బుట్ట దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖంలో నవ్వు లేదు. చెయ్యి కిందికి పోయి ఒక కాయ తీసింది. దాన్ని అరచేతిలో ఒకసారి ఆడించి బరువు చూసుకున్నాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. అతను కళ్ళు తిప్పుకోలేదు. విసిరాడు.

కాయ ముక్కు సూటిగా ఎడమకంటికి తగిలింది.

బెజవాడ ఆస్పత్రిలో పదహారు రోజులున్నది. కన్ను నిలవలేదు. తిరిగొచ్చిన మూడో రోజు లక్ష్మీనరసింహారావుగారు రసాల బుట్ట పట్టించుకుని వాళ్ళ ఇంటికి వచ్చారు. అమృతమ్మ కంగారుగా బల్ల తుడిచి కూర్చోమంది.

"గుంపులో ఎవడో తాగినవాడు విసిరాడమ్మా. ఎవరని అడుగుతాం?" అన్నారాయన.

"గుంపులోవాళ్ళకి కలెక్టరు కాయలెక్కడివండీ షావుకారుగారూ?" అంది పుష్పావతి, కట్టు కట్టిన ముఖం ఎత్తి. "వాళ్ళ విస్తళ్ళలో వేసింది రసాలు. కలెక్టరు కాయలున్నది వేదిక పక్క బుట్టలో. అక్కడ నిలబడింది మీ అబ్బాయిగారు. నేను చూశానండీ."

"చూశానంటే సరిపోదమ్మా. నాలుగొందల మందిలో నువ్వు తప్ప ఇంకెవరైనా చూశారా? అడుగు, ఎవరు చెప్తారో." లేచి కండువా సర్దుకున్నారు. "ఇక షెడ్డు పనికి రావద్దులే. ఒంటికంటితో కాయలు ఏరడం కష్టం."

ఆయన వీధి మలుపు తిరిగేలోపు పుష్పావతి బుట్ట ఎత్తుకెళ్ళి పొరుగింటి గేదె ముందు కుమ్మరించింది. "అంత పెద్దమనిషి మనింటికొచ్చాడే!" అని అమృతమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇన్నయ్య ఆ మర్నాడే మైక్‌సెట్టు దుకాణం తాళాలు వీరభద్రరావు ముందు పెట్టేసి, జంక్షన్‌లో ఒక రేడియో రిపేరు దుకాణంలో చేరాడు. రత్నబాబు అంతటితో ఊరుకునేలా లేడు. కమాను పట్టీ ముక్క ఒకటి చొక్కా కింద పెట్టుకుని వర్క్‌షాపు నుంచి నూజివీడు బస్సెక్కబోతుంటే పుష్పావతి వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదులు పుష్పా. వాడి తల పగలగొట్టొస్తాను."

"కొడితే ఏమవుతుంది అన్నయ్యా? వాడికి కట్టు కడతారు, నిన్ను జైల్లో పెడతారు. నెల తిరక్కుండా వాడు మళ్ళీ మైకు ముందు కళ్ళు మూసుకుని పాడతాడు. ఆ పాట నేను వినాలా?"

"మరేం చెయ్యమంటావ్?"

"వాడు నా కన్ను తీశాడు. నేను వాడి పాట తీసేస్తాను. పూర్తిగా. మైకు చూస్తే వాడికి వణుకు పుట్టాలి."

ఎలాగో ఆమెకీ అప్పటికి తెలియదు. ముందు తన చేతులు తనకు తిరిగి రావాలి. ఒక్క కన్నుతో దూరాలు అందడం లేదు. డబ్బా మీద కొట్టబోతే అంచుకు తగిలేది. తాళం ఉందనుకున్నచోట గాలి ఉండేది. వేళ్ళు చితికి నెత్తురు కారేవి. కళ్ళు రెండూ మూసుకుని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంది, తండ్రి మొదటిసారి కర్రలు చేతికిచ్చినప్పటిలా. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ప్రతి దెబ్బా ఒకే ముఖం మీద పడుతోందనుకుంటూ కొట్టింది.

ఆగస్టులో ఒక ఉదయం రోట్లో ఎండుమిరపకాయలు దంచుతుంటే సంగతి తట్టింది. రోకలి పడుతోంది, ఆమె పెదాలు లోపల అదే పేరు తిట్టుకుంటున్నాయి. వీ-ర, భద్-ర, రా-వు. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. రోకలి ఆ పేరు పలుకుతోంది. ఢాం-ట, ఢాం-ట, ఢాం-ట. ఆమె దంచడం ఆపింది. మళ్ళీ దంచింది. కారం ఘాటుకు ఒంటికన్ను నీరు కారుతుంటే పెద్దగా నవ్వింది. అమృతమ్మ పరిగెత్తుకొచ్చి, పిల్లకు మతి చెడిందనుకుంది.

ఆ ఆదివారం పాట పుట్టింది. మాటలు పెద్దగా లేవు. రత్నబాబు గరగర గొంతుతో అడుగుతాడు:

"కాయ ఎవరిదిరా? కొమ్మ ఎవరిదిరా?
విసిరిన చెయ్యి ఎవ్వరిదిరా?"

గిటారు ఆగిపోతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. అప్పుడు పుష్పావతి పెద్ద డ్రమ్ము, డబ్బా కలిపి జవాబు చెబుతుంది: ఢాం-ట, ఢాం-ట, ఢాం-ట.

"పేరు ఎక్కడా లేదు. ఎవరూ మనల్నేం చెయ్యలేరు" అంది.

ఇన్నయ్య గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. "బాగుంది. భయంగా కూడా ఉంది" అన్నాడు. "మనం ఇన్నాళ్ళూ వాయించింది సరదాకి, పుష్పావతీ. ఇది సరదా కాదు."

"కాదు" అంది ఆమె.

దసరా నాడు జంక్షన్‌లో లారీలకు పూజలు. ట్రంకు రోడ్డు పక్కన యాభై లారీలు కడిగి, పసుపు రాసి, బంతిదండలు వేసి వరసగా నిలబెట్టారు. పొద్దున పదిగంటలకు వర్క్‌షాపు ముందు ముగ్గురూ మొదలుపెట్టారు. మొదటిసారి ప్రశ్న అడిగి డ్రమ్ము జవాబు చెప్పినప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి, షెడ్డులో ఆమె పక్కన గడ్డి పరిచిన ఆవిడ ఒకతె వేళ్ళమీద లెక్కపెట్టుకుని, నోరు తెరిచి, కొంగుతో మూసుకుంది. పక్కావిడ చెవిలో చెప్పింది. ఆ మాట లారీ నుంచి లారీకి పాకడం పుష్పావతి డ్రమ్ముల వెనకనుంచి స్పష్టంగా చూసింది. విందునాడు నోరు విప్పనివాళ్ళు, తాము ఏమీ చూడలేదన్నవాళ్ళు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. నాలుగోసారి రత్నబాబు "ఎవ్వరిదిరా?" అనగానే, ఆమె కర్ర ఎత్తకముందే, యాభై లారీల హారన్లు ఒక్కసారి జవాబు చెప్పాయి.

పాం-ప, పాం-ప, పాం-ప.

ఆనాడు ఆమెకు కలిగిన సంతోషం ఎలాంటిదంటే, ఆకలితో ఉన్నవాడు మొదటి ముద్ద మింగినట్టు. ఇంకా కావాలనిపించింది.

లారీలు వెళ్ళినచోటికల్లా పాట వెళ్ళింది. చింతలపూడి సంతలో వినబడింది. ఏలూరు రోడ్డు మీద వినబడింది. షావుకారుగారి సొంత లారీ డ్రైవరు, షెడ్డు ముందు సరుకు కోసం నిలబడి, ఏమీ ఎరగనట్టు అదే హారను కొట్టాడు. మాఘమాసంలో నూజివీడులో ఒక పెద్ద పెళ్ళి. వీరభద్రరావు మైకు పట్టుకున్నాడు. పల్లవి ఎత్తుకున్నాడో లేదో, పందిరి చివర ఎవరో వేలితో గుంజ మీద కొట్టారు: ట-ట, ట-ట, ట-ట. అతను కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకుని పాడబోయాడు. ఈసారి ఇంకోవైపునుంచి, గ్లాసు మీద గరిటెతో. తర్వాత వంటవాళ్ళ దగ్గరనుంచి. పెళ్ళికూతురు తల వంచుకుని నవ్వు ఆపుకోలేక వణికిపోయింది. వీరభద్రరావు గొంతు రెండో చరణంలో పగిలింది. మైకు దించేసి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు పెళ్ళిళ్ళలోనూ అంతే. మూడోదానికి అతన్నెవరూ పాడమని అడగలేదు.

ఈ కబుర్లన్నీ పుష్పావతి డ్రైవర్ల చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని వినేది. ఏ చరణంలో గొంతు పగిలింది? చెయ్యి వణికిందా? మైకు కింద పెట్టాడా, పారేశాడా?

షావుకారుగారు వర్క్‌షాపు యజమాని దగ్గరకొచ్చి ఆ పాట ఆపించమన్నారు. యజమాని నెమ్మదిగా, "ఆ పాటలో మీ అబ్బాయి పేరెక్కడుందండీ? కాయ విసిరినవాడెవడని అడుగుతున్నారు. మీవాడు కాదని మీరే చెప్పారు కదా" అన్నాడు. షావుకారుగారు విసురుగా కారెక్కారు.

గొడవ వచ్చింది ఇన్నయ్యతోనే. వాళ్ళకప్పటికి పది పన్నెండు పాటలున్నాయి. వాటిలో ఒకటి ఇన్నయ్య నాలుగు నెలలు కష్టపడి కట్టింది. అది మొదలుపెడితే జనం, "అది కాదు, కాయ పాట! కాయ పాట!" అని అరిచేవారు. ఒక ఆదివారం ఇన్నయ్య మధ్యలో తీగ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇంకెన్నాళ్ళు? మన పాట వినడానికి రావడం లేదు వీళ్ళు. ఒక మనిషిని తన్నడానికి వస్తున్నారు."

"రానీ."

"నాకు గిటారంటే ఇష్టం, పుష్పావతీ. నాచేత దీన్ని కర్రలా పట్టిస్తున్నావు."

"నీకు రెండు కళ్ళున్నాయి ఇన్నయ్యా. నీ ఇష్టాలు నీకుంటాయి" అంది. ఆ మాట అన్నాక బాధపడింది గానీ వెనక్కి తీసుకోలేదు. ఇన్నయ్య మళ్ళీ గిటారు తగిలించుకున్నాడు.

అరవై ఎనిమిది సీజనొచ్చింది. తోటల్లో కోతవాళ్ళు చిక్కం కర్రలతో మాను మీద అదే దరువు కొడుతూ కాయలు దించారు. వీరభద్రరావు తోట బేరానికి వెళ్తే రైతులు మర్యాదగానే మాట్లాడేవారు. అతను వీపు తిప్పగానే ఎక్కడో ఒక చెట్టు మోగేది. అతను తోటలకు వెళ్ళడం మానేశాడు. మైక్‌సెట్టు దుకాణం తలుపులు వారంలో నాలుగురోజులు మూసే ఉండేవి.

జూన్ మొదటి వాన కురిసిన మర్నాడు, మధ్యాహ్నం, అతనొక్కడే జంక్షన్‌కు వచ్చాడు. వర్క్‌షాపు ఆవరణలో పుష్పావతి డ్రమ్ము తోలు బిగిస్తోంది. రత్నబాబు కొలిమి దగ్గరనుంచి సమ్మెట పట్టుకునే వచ్చాడు. ఆమె చేత్తో ఆగమంది.

వీరభద్రరావు చిక్కిపోయి ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. "ఆ పాట ఆపు" అన్నాడు.

"ఏ పాటండీ?"

"నీకు తెలుసు. నేను మనుషుల్లోకి వెళ్ళలేకపోతున్నాను. గుమ్మంలో చినుకులు పడ్డా అదే వినిపిస్తోంది. ఏం కావాలో చెప్పు."

ఇన్నాళ్ళూ ఈ క్షణాన్ని ఆమె వందసార్లు ఊహించుకుంది. ఆ ఊహల్లో తను అరిచేది. ఇప్పుడు గొంతు చల్లగా వచ్చింది. "శుక్రవారం ఇక్కడ సంత. మీ మైక్‌సెట్టు మీరే తెచ్చుకోండి. నాలుగు లౌడ్‌స్పీకరు హారన్లూ కట్టండి. కాయ ఎవరు విసిరారో అందరికీ చెప్పండి. చెబితే ఆ పాట నేను ఇక వాయించను."

"మా నాన్నగారు ఒప్పుకోరు."

"విసిరేటప్పుడు ఆయన్నడిగే విసిరారా?"

అతను వెళ్ళిపోయాడు. రాడని రత్నబాబు అన్నాడు. వస్తాడని ఆమెకు తెలుసు. మనిషి ఎంతవరకు మెత్తబడ్డాడో ఆమె ఒక్క చూపులో పట్టుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు అతను సంత మధ్యలో ఎద్దులబండి మీద నిలబడ్డాడు. చుట్టూ వంకాయల గుట్టలు, ఎండుచేపల బుట్టలు, ఆగిన లారీలు. తండ్రి రాలేదు. పుష్పావతి బండికి ఎదురుగా, అయిదారు అడుగుల దూరంలో నిలబడింది. అతను మైకును పెదవులకు ఆనించలేదు. దూరంగా పట్టుకున్నాడు, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు.

"నిరుడు మా షెడ్డు దగ్గర... ఆ కాయ విసిరింది నేను." నాలుగు హారన్ల నుంచీ ఆ మాట సంతంతా పరుచుకుంది. బేరాలు ఆగాయి. "ఏదో చిలిపిగా విసిరాను. కంటికి తగులుతుందనుకోలేదు."

"అబద్ధం" అంది పుష్పావతి. మైకు ఆ మాటను కూడా పట్టుకుని పెద్దది చేసింది. "నా వంక చూశావు. బరువు చూసుకున్నావు. ఎందుకు విసిరావో చెప్పు."

షావుకారుగారి అబ్బాయిని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి. సంతలో అది వినని చెవి లేదు.

అతను మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను గంటసేపు పాడితే ఎవడూ లేవలేదు. నువ్వు డబ్బా కొట్టగానే అందరూ లేచారు. చూడలేకపోయాను." మైకులో అతని ఊపిరి వినబడింది. "గురి చూసే విసిరాను."

ముందు నిలబడ్డ కోతకూలీ ముసలామె ఒకతె నేలమీద ఉమ్మేసి, తన గంప ఎత్తుకుని పక్కకు వెళ్ళిపోయింది. వీరభద్రరావు బండి దిగాడు. దారి ఇచ్చారు. అతను పది అడుగులు వేశాడో లేదో, రోడ్డు అవతల ఒక లారీ హారను మోగింది. పాం-ప, పాం-ప, పాం-ప. ఇంకో లారీ అందుకుంది. తర్వాత కూరగాయలమ్మే ఆవిడ తక్కెడ పళ్ళెం మీద. తర్వాత సంతంతా.

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఆపుతానన్నావు!"

"నేను వాయించనన్నాను" అంది ఆమె. "వాయించడం లేదు, చూడు." ఖాళీ చేతులు రెండూ చాపి చూపించింది. "వాళ్ళని ఆపడం నా చేతిలో లేదు."

అది ఆమెకు ముందే తెలుసునని అతనికి ఆ క్షణంలో అర్థమైంది. అతని ముఖం అలా కూలిపోవడాన్ని ఆమె చివరిదాకా, రెప్ప వేయకుండా చూసింది.

ఆ నెలాఖరుకు వీరభద్రరావు దుకాణం అమ్మేసి, పిన్నిగారి ఊరు చింతలపూడి వెళ్ళిపోయాడు. అక్కడికీ లారీలు వెళ్తాయి. తర్వాత అతను పాడగా విన్నవాళ్ళెవరూ లేరు. పుష్పావతి మాట నిలబెట్టుకుంది. ఎంతమంది అడిగినా కాయ పాట ముట్టుకోలేదు. అలవాటుపడ్డ జనంలో సగంమంది రావడం మానేశారు. ఇన్నయ్య నాలుగు నెలలు కట్టిన పాటను మిగిలిన సగం చివరిదాకా విన్నారు. అది కష్టమైన పాట. రెండో భాగంలో దెబ్బ తప్పిపోతోందని పుష్పావతి మధ్యాహ్నమంతా అదే సాధన చేసేది.

"ఇప్పుడు చల్లారిందా?" అని రత్నబాబు ఒకసారి అడిగాడు.

ఆమె ఆలోచించింది. "లేదు. కానీ నిద్ర పడుతోంది."

ఆ ఆదివారం చర్చిలో అందరితో కలిసి ప్రార్థన చెబుతోంది. మాకు చెడు చేసినవాళ్ళను మేము క్షమించామని చెప్పే చోట ఆమె పెదాలు ఆగిపోయాయి. అమృతమ్మ మోచేత్తో పొడిచింది. పుష్పావతి తల వంచుకుని, నోరు గట్టిగా మూసుకుని, ఆ వాక్యం పూర్తిగా దాటిపోయేదాకా ఊరుకుంది. తర్వాతి మాట దగ్గర మళ్ళీ అందరితో గొంతు కలిపింది.